పోశం కోసం గీసిన మూడు పటాలు

“సున్నాకి సున్నా కలిపి, దానికింకో సున్నా కలిపితే ఏమొస్తుంది సార్?” అని అడిగింది హిమజ. ఆ మాటలో వెటకారం ఉంది, దాని వెనక ఏడుపూ ఉంది. కంటికి కనపడకుండా, బరువుతో మాత్రమే తన ఉనికి తెలిపే కృష్ణపదార్థం కోసం ఆమె భూగర్భ ప్రయోగశాలలో ఆరేళ్లుగా ఒక స్ఫటికాన్ని కాపలా కాస్తోంది. రెండువేల నూట తొంభై రోజుల్లో దాని కణం వచ్చి స్ఫటికాన్ని తాకిన గుర్తు ఒక్కటీ నమోదు కాలేదు. ఆకాశంలో దాని జాడ వెతికేవాళ్లకీ, కణాలను ఢీకొట్టి దాన్ని పుట్టించాలని చూసేవాళ్లకీ దక్కిందీ సున్నాయే. ఇప్పుడు ముగ్గురి ఫలితాలూ ఒకచోట చేరుద్దామని కబురొచ్చింది. తన ఆరేళ్లనీ పరాయివాళ్ల చేతిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. తనకేదైనా దొరికాకే ఇస్తానంది.

ప్రొఫెసర్ ఓదేలు గారికి శిష్యులతో వాదించే అలవాటు లేదు. చదువు మధ్యలో ఆపి బొగ్గుగనిలో సర్వే పని చేసిన రోజుల సంగతి ఒకటి ఎత్తుకున్నారు.

గని కప్పు కూలి పోశం అనే కార్మికుడు లోపల చిక్కుకుపోయాడు. వెతకడానికి మూడు జట్లు పూనుకున్నాయి. ఒక జట్టు ఇనప గొట్టాల మీద కొట్టి, బదులు కోసం చెవి ఒగ్గింది. గొట్టం లేని చోట వాళ్లు చెవిటివాళ్లే. రెండో జట్టు తాడు కట్టుకుని పాకింది, నీళ్లు అడ్డమొచ్చిన చోట ఆగింది. మూడోది పైనుంచి బోరు వేసి దీపం దించింది, గట్టి బండ తగిలిన చోట వదిలేసింది. లేడని తేలిన సొరంగపు దారిని, అంటే గ్యాలరీనల్లా, ఎవరి పటంలో వాళ్లు కొట్టేసుకున్నారు. ఒకరికి నలభై మిగిలాయి, ఒకరికి ముప్ఫై, ఇంకొకరికి యాభై. మనిషిని తెచ్చిన పేరు తమకే రావాలని పక్కజట్టుకు పటం చూపించలేదు.

ఐదోరోజు పోశం భార్య చుక్కమ్మ ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. “ఏడ లేడో ముగ్గురికీ ఎరుకే గద సారూ. ముగ్గురూ ఒక్కతాన కూసోని సూడుండ్రి” అంది.

పల్చటి కాగితాల మీది పటాలు ఒకదాని మీద ఒకటి పరిచారు. కొట్టెయ్యకుండా మిగిలింది ఒక్కటే గ్యాలరీ. ఒక పూటలో అక్కడికి తవ్వారు. పోశం గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ముందురోజు దాకా ఊపిరి ఉండి ఉంటుందని డాక్టరు రాశాడు.

మూడోరోజే పరిచి ఉంటే అని హిమజ మనసులో లెక్క కట్టింది. పైకి మాత్రం, ఆ మూడు పటాల్లో ఏది తప్పుగా గీశారని అడిగింది.

“రెండో జట్టు పటం నేనే గీసిన బిడ్డా” అన్నారు ఓదేలు గారు. “మూడిట్లో ఒక్క గీత కూడా తప్పు లేదు.”