చెక్‌పోస్టు గుమ్మంలో ఆముదం మొక్క

వాగుకి ఇవతల ఎండిన అడవి, అవతల పచ్చటి అడవి, మధ్యలో చెక్‌పోస్టు. అక్కడ గుమాస్తా నక్క. ఇంక చెప్పేదేముంది!

ముళ్లపంది పోలమ్మ మొగుడు నిరుడే అవతలికి వెళ్లి, బొరియ తవ్వి, రమ్మని కబురంపాడు. వానలు పడితే వాగు దాటే రాళ్లు మునిగిపోతాయి, మళ్లీ ఏడాది ఆగాలి. పోలమ్మ వడ్రంగిపిట్ట డాక్టరుకి ఒళ్లు చూపించుకుని, ఆ పిట్ట ముక్కుతో చిల్లు పొడిచిచ్చిన ఆముదపాకు తెచ్చింది. అదే ఆరోగ్యపత్రం. ఆకు పచ్చగా ఉన్నంతవరకే చెల్లుతుంది.

"దుంపల దొంగతనం జరిగినచోట ఓ ముల్లు దొరికింది," అంది నక్క. "నీదో కాదో తేలాలి. భద్రతా విచారణ."

"ఇదిగో నా ముల్లు. పోల్చి చూడండి."

"చూస్తాం, చూస్తాం."

ఈలోగా ఆకు ఎండింది. "కొత్తది తే. వస్తూ వస్తూ రెండు పీతలు కూడా," అంది నక్క. మూడుసార్లు ఇదే తంతు! అవతలి అడవి ఏలిక ఏనుగుదొర ఎవర్నీ రావద్దనలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

పోలమ్మకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నాలుగోసారి ఆకు తేలేదు. ఏకంగా మొక్కే తెచ్చి గుమ్మంలో నాటి, డాక్టరు చేత దాని ఆకుకి చిల్లు పొడిపించింది.

"ఇది ఎండదు గుమాస్తా గారూ. నీళ్లు పోసుకుంటూ ఇక్కడే ఉంటా."

పాతాకు రాలితే డాక్టరే వచ్చి కొత్తాకు పొడిచి పోయేది. పోలమ్మ రోజూ పొద్దున్నే అడిగేది.

"నా సంగతేమైందండీ?"

"పరిశీలనలో ఉంది."

"అవుననండి, లేదా కాదనండి. ఈ నాన్చుడేమిటి?"

నక్క ఆవలించేది. మొక్క మాత్రం నక్క నెత్తి దాటి పెరిగింది.

మబ్బులు పట్టాయి. ఆరోజే తనిఖీకొచ్చిన ఏనుగుదొరకి గుమ్మంలో చెట్టు అడ్డం తగిలింది.

"ఎవరు నాటారిది?"

"నేనేనండి దొరా. నాటిన్నాడు రెండాకులు. దొంగతనంలో దొరికిన ముల్లు నాదో కాదో తేల్చే విచారణ వయసు ఇంతండి."

దొర చెట్టుని కిందనుంచి పైదాకా చూశాడు. "గుమాస్తా! ఆ ముల్లు పట్రా."

నక్క తెచ్చిన మూటకి సాలెగూడు పట్టి ఉంది. ఒక్కనాడు విప్పితేగా! దొర విప్పాడు. లోపలున్నది ముళ్లపంది ముల్లు కానే కాదు, ఈతముల్లు!

"చూసే తీరిక..." అని నసిగింది నక్క.

"నువ్వెళ్లు తల్లీ, వానకి ముందే దాటు. ఒరే నక్కా, ఇప్పుడు నీ మీద విచారణ. ఆ చెట్టు కింద కూర్చో."

"ఎన్నాళ్లండీ దొరా?"

రాళ్ల మీదికి దిగుతున్న పోలమ్మ వెనక్కి తిరిగింది. "పరిశీలనలో ఉంది గుమాస్తా గారూ! చెట్టుకి నీళ్లు పొయ్యడం మర్చిపోకండి."

నీతి: కాచుకోక తప్పకపోయినా, నోరు మూసుకుని కాచుకోకూడదు.