నాంచారమ్మ కరకర

అనగనగా ఒక ఊరు, బంగారూ. ఆ ఊళ్ళో ఎవరింట్లో పోపు మాడినా అందరికీ తెలిసేది. తెలియనివాళ్ళకి బసవమ్మ వెళ్ళి చెప్పొచ్చేది.

ఆ ఊళ్ళోకి నాంచారమ్మ అనే ఆవిడ కోటయ్యను చేసుకుని కొత్తగా కాపురానికొచ్చింది. కోటయ్య మొదటి భార్య పోయింది. ఆమె కూతురు రమణి పట్నంలో మేనత్త దగ్గర పెరిగింది. నాంచారమ్మ వచ్చాకే పిల్లని ఇంటికి తెచ్చుకున్నారు.

పిల్ల అన్నం కెలికేది, లేచిపోయేది. నాంచారమ్మ గిన్నె పట్టుకుని వెనకే తిరిగేది. పిల్ల మంచం కిందికి దూరేది. అప్పుడు నాంచారమ్మా దూరేది. ఆవిడది కాస్త భారీ శరీరం. బయటికి లాగడానికి కోటయ్య రావలసి వచ్చేది.

ఆ తర్వాత మేనత్త వెంకాయమ్మ ఫోన్ చేసింది. "పిల్ల చిక్కిపోతోందట. ఆదివారం వస్తున్నా. అప్పటికీ తినకపోతే నాతో తీసుకుపోతా."

నాంచారమ్మ పిల్ల దగ్గరికి పరుగెత్తింది. "అత్త దగ్గర ఏం తినేదానివి తల్లీ?" అని అడిగింది.

పిల్ల గోడ వైపు తిరిగి, "గ్రానోలా" అంది. "ఓట్సూ పల్లీలూ. తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది. పాలల్లో వేసుకుంటారు" అంది. అన్ని మాటలు ఆ ఇంట్లో ఆ పిల్ల ఎప్పుడూ ఆడలేదు.

కోటయ్య ఓట్స్ పొట్లం తెచ్చాడు. నాంచారమ్మ బాణలి పెట్టి, ఓట్స్, పల్లీలు, బెల్లం ఒక్కసారే పోసి పెద్ద మంట పెట్టింది. బెల్లం మాడింది. ఓట్స్ పచ్చిగానే ఉన్నాయి. ఆ వాసనకి బసవమ్మ వచ్చింది.

"ఏమే, దోమలకి పొగ వేస్తున్నావా?"

"కాదు బసవక్కా, పిల్లకి టిఫిను."

"ముదురు పాకం పట్టాలే పిచ్చిదానా. నా చేతి పల్లీ ఉండలు తిన్నావుగా!"

ఊళ్ళో చాలామందే తిన్నారు. పళ్ళ డాక్టరుకి బాగానే గడుస్తోంది.

అప్పుడు నాంచారమ్మ ముదురు పాకం పట్టింది. అంతా కలిసి ఒకే పలక అయి కూర్చుంది. రోకలితో కొడితే రోకలి ఎగిరింది, పలక కదల్లేదు.

ఆ తర్వాత శనివారం వచ్చేసింది. ఈసారి సన్న మంట మీద ఓట్స్ కమ్మటి వాసన వచ్చేదాకా వేయించింది. పల్లీలు విడిగా, కొబ్బరి ముక్కలు విడిగా వేయించింది. నెయ్యిలో బెల్లం వేసి, కరగగానే అన్నీ పోసి తిప్పి, పళ్ళెంలో పరిచింది. ఒక పలుకు నోట్లో వేసుకుంది. మెత్తగా ఉంది.

ఏడుపొచ్చింది. మళ్ళీ బాణలిలో పోయబోయింది. పోయబోయి ఆగింది. 'నేను దేన్నీ దాని మానాన ఉండనివ్వను కదా' అనుకుంది.

అప్పుడు పళ్ళెం కిటికీ దగ్గర పెట్టి, పెరట్లో బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. పిల్లని పిలవలేదు, వెతకలేదు. ఆ కాసేపూ ఆవిడకి ఎంత కష్టమైందంటే, ఆరేసిన చీరనే తీసి మళ్ళీ ఆరేసింది.

ఆ తర్వాత కిటికీలోంచి చప్పుడు వచ్చింది. కర్. కాసేపాగి, కర్ కర్.

చల్లారితేనే అది కరకరలాడుతుంది, బంగారూ. వేడి మీద ఎవరికీ తెలియదు.

నాంచారమ్మ లోపలికి పోలేదు. తడి లంగా చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

ఆదివారం వెంకాయమ్మ దిగింది. "పదవే, బట్టలు సర్దుకో" అంది. పిల్ల నోటినిండా గ్రానోలా ఉంది. మింగింది. ఇంకో చెంచా పెట్టుకుంది. అదీ మింగింది.

"ఉండత్తా, తింటున్నాగా. నువ్వూ కూర్చో" అని, వంటింటి వైపు తిరిగి కేకేసింది. "పిన్నీ! అత్తకీ కాస్త పెట్టు. నాకు మిగలాలి, చూసి పెట్టు!"

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
మనమూ పోదాం మంచానికి.