గీత పడని సీటు

అనగా అనగా, రైలు గేటుకి అవతల ఒక ఊళ్ళో మస్తానమ్మ అని ఒకామె ఉండేది తల్లీ. ఆటోలకీ జీపులకీ రెగ్జిన్ సీట్లు కుట్టేది. ఆమె చెల్లెలు కాశింబీ. ఆ కాశింబీ కూతురు నసీమ. పాపం, చిన్నప్పుడే జబ్బు చేసి నసీమకి నడుం కింద స్పర్శ పోయింది. చక్రాల కుర్చీయే దాని కాళ్ళు.

ఆ కుర్చీకి సీటు కుట్టింది మస్తానమ్మే. కుట్టేటప్పుడు మిషను పాదం, అదే, బట్టని అదిమి పట్టే ఇనప ముక్క, రెగ్జిన్ మీద సన్నగా గీతలు పెట్టింది. గీతలే కదా అనుకుంది. ఎండాకాలం వచ్చేసరికి రెగ్జిన్ సరిగ్గా ఆ గీతల వెంటే చిట్లింది. చిట్లిన అంచు పిల్ల తొడని కోసింది. నొప్పి తెలియదుగా, నసీమ చెప్పలేదు. చూసేసరికి పుండు లోతుకి పోయింది.

అప్పుడు పిల్లని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. నెలల తరబడి బోర్లా పడుకోబెట్టారు. కాశింబీ అక్కని ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడనే లేదు. తిట్టినా బాగుండేదని మస్తానమ్మ కుమిలిపోయింది.

ఆ తర్వాత పుండు మానింది. మధ్యాహ్నం రైలుకి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు వచ్చేలోగా కుర్చీకి కొత్త సీటు కుట్టాలనుకుంది మస్తానమ్మ. ఆమె దగ్గర మెత్తటి రెగ్జిన్ ఒక్క సీటుకే ఉంది. బట్టయితే కుట్టు విప్పి మళ్ళీ కుట్టొచ్చు. రెగ్జిన్‌కి సూది దిగిన చోట బెజ్జం బెజ్జంగానే ఉండిపోతుంది. తప్పితే తప్పినట్టే.

అందుకని ముందు అంచుల్లో మిగిలిన ముక్కలు తీసింది. మొదటి ముక్క ఎప్పటిలాగే కుట్టింది. బండి చక్రాల జాడల్లా రెండు గీతలు పడ్డాయి. రెండో ముక్కకి నూనె రాసింది. అది జారిపోయి, కుట్లన్నీ ఒకచోటే పడి, లాగితే కాగితంలా చిరిగింది.

అప్పుడు ఆగి, చేతులు తుడుచుకుని, మిషను వంక చూసింది. పాదాన్ని నొక్కేది పైనున్న స్క్రూయే కదా. దాన్ని వదులు చేసింది. రెగ్జిన్‌ని కాసేపు ఎండలో పెట్టి మెత్తబరిచింది. పాదానికీ రెగ్జిన్‌కీ మధ్య ఒక పల్చటి కాగితం, కింద బట్టని ముందుకి జరిపే ఇనప పళ్ళకి తగలకుండా ఇంకొకటి పెట్టింది. కుట్లు దూరం దూరంగా వేసింది. కుట్టాక కాగితం చింపి చూస్తే, మూడో ముక్క అద్దంలా ఉంది.

ఆ తర్వాత అసలు సీటు మొదలుపెట్టింది. ఆగాల్సి వస్తే గుచ్చిన సూదిని అలాగే ఉంచి, గీత పడకుండా పాదాన్ని మాత్రం పైకి లేపేది. వెనకంచు అయింది. పక్కలు అయ్యాయి. ఇక తొడలు ఆనే ముందంచు. అక్కడ వంపు తిరుగుతుండగా కాగితం అయిపోయింది.

అప్పుడే రైలు కూత వినిపించింది.

ఇంకా బెత్తెడే ఉంది. కాగితం లేకుండా కుట్టేద్దామా అని చెయ్యి మిషను చక్రం మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. ఇల్లంతా వెతికింది. దొరికినవన్నీ మందంగా ఉన్నాయి, లేదంటే సిరా అంటుకునేవి.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. పిల్లని లోపల పరుపు మీద పడుకోబెట్టి, కాశింబీ గుమ్మంలో నిలబడింది. సగం కుట్టిన సీటు చూసింది.

"ఎందుకాపావు?" అంది. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట.

"పల్చటి కాగితం లేదే. లేకుండా కుడితే మళ్ళీ గీత పడుద్ది."

కాశింబీ లోపలికొచ్చింది. సంచిలోంచి నసీమకి కొన్న బన్ను తీసింది. దానికి చుట్టిన పల్చటి నూనె కాగితం విప్పి, కొంగుతో తుడిచి, అక్క చేతికిచ్చింది. తనే పక్కన కూర్చుని, కాగితం జరక్కుండా రెండు చేతులా పట్టుకుంది. మస్తానమ్మ ఒక్కో కుట్టే వేసింది.

కాగితం చింపారు. గీత లేదు. మస్తానమ్మ వేళ్ళు కాయలు కాసినవి కదా, వాటిని నమ్మలేదు. వంగి కుట్టు పొడుగునా చెంప ఆనించి చూసుకుంది.

"నేను చెంపతో కూర్చోను పెద్దమ్మా," అంది నసీమ లోపల్నించి.

సీటు కుర్చీకి బిగించి పిల్లని కూర్చోబెట్టారు. గంట కూర్చున్నాక ఒళ్ళు చూడమని డాక్టరు చెప్పాడు. ఆ గంటా అక్కాచెల్లెళ్ళు మెతుకు ముట్టలేదు. ఆ తర్వాత తలుపేసి, పిల్లని ఎత్తి పట్టుకుని, తొడలు వెలుతురుకి తిప్పి చూశారు.

"ఏముంది పెద్దమ్మా?" అని అడిగింది నసీమ.

మస్తానమ్మ ఇంకా వంగి చూస్తూనే ఉంది.

"ఏమీ లేదమ్మా," అంది కాశింబీ. "అక్కా, ఏమీ లేదే."

అప్పుడు ఏడ్చింది తల్లీ మస్తానమ్మ, చెల్లెలి భుజం మీద తల పెట్టుకుని.

సూదమ్మకి కునుకొచ్చె, దారానికి కునుకొచ్చె,
పాదం పైకెత్తుకుని మిషనుకీ కునుకొచ్చె.
కథేమో కంచికి కదిలి వెళ్ళింది,
మన ఇంట నీ కంట నిదరొచ్చి వాలింది.