గుర్రం దిద్దిన పరీక్ష

మంద మేస్తే పచ్చిక నాశనమవుతుందని ఆస్థాన పండితుడు లావుపాటి గ్రంథం రాసి, రాజుగారి చేత మేత బీడు మూయించబోయాడు. గొర్రెల కాపరి బీరయ్య కొలువుకు పరుగెత్తుకొచ్చి, "మహారాజా, సగమే కంచె వేసి మూయించండి. మిగతా సగంలో నేను మేపుకుంటాను. మేసిన చోట మళ్ళీ చిగురేసేదాకా మందను అటు తోలను. ఏడాది పోయాక ఏ సగం మంచిదో తమ గుర్రాన్నే అడుగుదాం" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి మూసిన సగంలో గడ్డి నడుమెత్తు పెరిగి, ముదిరి, ఎండిపోయింది. రాజుగారు కంచె తలుపు తీయించి గుర్రాన్ని మధ్యలో వదిలారు. అది ముదురుగడ్డిని మూతితో తాకి చూసి, బీరయ్య మేపిన వైపు లేత పచ్చికలోకి చక్కాపోయింది.

"గుర్రానికేం తెలుసు శాస్త్రం!" అని కసిరాడు పండితుడు.

"ఏమీ తెలియదు అయ్యవారూ. కాకపోతే ఇక్కడున్న మనందరిలో గడ్డి తిని చూసింది అదొక్కటే" అన్నాడు బీరయ్య.

రాజుగారు పకపకా నవ్వి కంచె పీకించారు.