చెంగి నడిచిన గుడ్డ

కాళ్ళు ఇలా చాపు. నూనె రాస్తూ చెబుతాను. మధ్యలో కదిలావంటే కథ అక్కడే ఆపేస్తాను, నా సంగతి తెలుసుగా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గురవప్ప అని ఒక తాత ఉండేవాడు. గుడ్డ మీద బొమ్మలు వేయడం ఆయన పని. ఏటా జాతరలో గంగమ్మ వెనకాల కట్టే పెద్ద గుడ్డ ఆ ఇంటి నుంచే వెళ్ళేది. ఆ ఏడు తాత చెయ్యి వణకడం మొదలైంది. తిన్నగా గీద్దామంటే గీత వంకర పోయేది.

అప్పుడు ఊరి పెద్దలు వచ్చారు. ఈసారి గుడ్డ కుదిరితే సరే, లేకపోతే పై ఏడు నుంచి ఏటి అవతలి వాళ్ళతో వేయించుకుంటామన్నారు. తాత తల వంచుకున్నాడు. ఆయనకి ఇంట్లో మిగిలింది ఇద్దరు మనవరాళ్ళే. పెద్దది మునెమ్మ, పన్నెండేళ్ళది. చిన్నది చెంగి, రెండేళ్ళ పిడుగు.

తాత అలా తల వంచుకోవడం మునెమ్మ చూడలేకపోయింది. "నేను వేస్తాను తాతా" అంది.

మొదట గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టింది. పాలు పట్టని గుడ్డ మీద రంగు కుదురుగా ఉండదే, నీలాగే ఊరంతా తిరుగుతుంది. ఆ తర్వాత చింతబొగ్గుతో గంగమ్మని గీసింది. ఆ తర్వాత వెదురు కలం పట్టింది. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము మూడు వారాలు నానేస్తే నల్లరంగు వస్తుంది. కుండలో చూస్తే వట్టి కుడితి. కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలిందో, కాటుక నలుపు! తాత ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకే ఆ నలుపు చూస్తే ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది.

ఇక మిగిలింది ఎరుపు. ఎరుపు వేసేది ఎర్రరంగుతో అనుకున్నావా? పటిక నీళ్ళతో. పటిక పడిన చోటే, ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. పటిక నీళ్ళు మామూలు నీళ్ళలాగే ఉంటాయి కాబట్టి, ఎక్కడ వేశామో కనబడటానికి అందులో చిటికెడు రంగు కలుపుకుంటారు. మునెమ్మ తొందరలో ఆ చిటికెడు మరిచిపోయింది. పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగమన్నది ఇందుకే.

గంగమ్మ చీరకి వేసింది, బొట్టుకి వేసింది, గాజులకి వేసింది. గుడ్డ తడిగా ఉన్నంతసేపు ఏమీ తెలియలేదు. చివరికి దాహమేసి మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి చెంగి కాళ్ళు తడుపుకుని కూర్చుంది. బిందె ఒలకబోసుకుందనుకుని మునెమ్మ దాన్ని తిట్టి, పావడా అంచుతో కాళ్ళు తుడిచింది.

ఆ తర్వాత గుడ్డ ఆరింది. చూస్తే నల్లగీతలు తప్ప ఏమీ లేదు. ఎక్కడ వేసిందో, ఎక్కడ వదిలేసిందో ఒక్క చుక్కయినా కనబడదు. మళ్ళీ గుడ్డ తయారుచేయడానికి రోజుల్లేవు. మునెమ్మ ఏడుస్తూ వెళ్ళి తాతకి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

తాత కోప్పడలేదు. "నీ చెయ్యి వేసిందా లేదా?" అని మాత్రం అడిగాడు. వేసింది అంది మునెమ్మ. "అయితే గుడ్డకి గుర్తుంటుందిలే, పద."

ఏటిలో పారే నీళ్ళలో గుడ్డని జాడించారు. ఒడ్డున రాగి గంగాళం పొయ్యి మీద పెట్టి, ఎరుపునిచ్చే చిరివేరు పొడి వేసి, అందులో గుడ్డ దించారు. ఊరి పెద్దలూ వచ్చి నిలబడ్డారు. మొదటి పొంగుకి తీసి చూశారు, ఏమీ లేదు. రెండో పొంగుకి చూశారు, ఏదో లేత మరక. మునెమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. మూడో పొంగు వచ్చాక తాత కర్రతో గుడ్డని పైకెత్తాడు.

చీర ఎర్రగా ఉంది. బొట్టు ఎర్రగా ఉంది. గాజులు ఒక్కటీ తప్పిపోలేదు. అంతేనా? గుడ్డ అంచు నుంచి గంగమ్మ దాకా బుడిబుడి పాదాలు, పారాణి పెట్టుకుని నడిచి వచ్చినట్టు, ఐదేసి వేళ్ళతో ఎర్రగా వరసగా ఉన్నాయి. ఊరి పెద్ద తలపాగా తీసి, అమ్మ నడిచొచ్చిందని చేతులు జోడించాడు.

మునెమ్మ చెంగి కాళ్ళ వంక చూసింది. అప్పుడు అర్థమైంది దానికి. అమ్మ కాదు, మా చెల్లెలు పటిక గిన్నెలో కాలు పెట్టిందని అందరి ముందూ చెప్పేసింది.

తాత పెద్దలకేసి తిరిగి, "ఎవరి కాళ్ళతో నడవాలో అమ్మకి తెలియదా?" అన్నాడు. గుడ్డ జాతరకి వెళ్ళింది. పై ఏడూ ఆ ఇంటి నుంచే వెళ్ళింది, ఆ పై ఏడూ. అప్పటి నుంచి ఏ ఏడాది గుడ్డ మీదైనా ఆ ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డ నడవాల్సిందే.

ఆ చెంగి ఇప్పుడెక్కడుంది అంటావా? నీ కాళ్ళకి నూనె రాస్తోంది.

రేపు నడిచేది నువ్వే. పటికలో రంగు కలపం. నువ్వు నడిచిందీ కనబడదు. వెనక్కి తిరిగి చూసి ఏడవకు, గంగాళం మూడుసార్లు పొంగేదాకా ఓపిక పట్టు.

కథేమో కంచికి,
ఎరుపేమో అంచుకి,
మా బుజ్జితల్లేమో మంచానికి.