అంతియొకయలో అక్క తలుపు

మత్తతీయ అంతియొకయ పట్టణంలో క్రీస్తు సంఘానికి బోధకుడు. పుట్టింది యూదుల ఇంట. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఒక శనివారం, యూదుల విశ్రాంతిదినాన, మధ్యాహ్నం గ్రీకు శిష్యుడు నికానోరు అడిగాడు: "అయ్యా, యేసు యూదుడు. మనం పాడే కీర్తనలూ వాళ్లవే. అయినా వాళ్ల సమాజమందిరం వైపు కన్నెత్తి చూడం. ఎవరు ఎవరిని వదిలేశారు?"

అంతలో నికానోరు అత్తగారు ఏడుస్తూ వచ్చింది. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు యూనికేకు పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది.

మత్తతీయ లేచి, యూదుల పేటలోకి వెళ్లి ఒక తలుపు తట్టాడు. అది ఆయన అక్క సిప్పోరా ఇల్లు. ఆమె కష్టమైన కాన్పుల్లో చేయి తిరిగిన మంత్రసాని. వాళ్లిద్దరూ ఎన్నడూ తగాదా పడలేదు. సంఘంలో గ్రీకులు పెరిగాక కూడిక ఆదివారానికి మారింది. తర్వాత పంక్తి వేరయింది, పండుగ వేరయింది. యెరూషలేము ఆలయం కూలినప్పుడు సిప్పోరా రోజుల తరబడి ఏడ్చింది. సంఘంలో ఎవరో అది దేవుడి తీర్పన్నారు. మత్తతీయ విని ఊరుకున్నాడు. ఆపైన ఆ గుమ్మం తొక్కడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.

తలుపు తీసిన సిప్పోరాకు జుట్టంతా నెరిసిపోయింది.

"అక్కా, నా శిష్యుడి భార్యకు కాన్పు కష్టమైంది. ఇవాళ విశ్రాంతిదినం, పని ముట్టుకోరని తెలుసు గానీ..."

"ప్రాణం మీదికొస్తే ఆ మాటెందుకురా? ఇల్లు చూపించు."

బిడ్డను మెల్లగా సర్దుతూ సిప్పోరా హీబ్రూలో కీర్తన అందుకుంది. యూనికేకు ఆ భాష రాదు. 'హల్లెలూయ' అన్నచోట మాత్రం పళ్లబిగువున తానూ గొంతు కలిపింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల కెవ్వుమంది. బయట నికానోరు గోడకు చేరగిలబడి, వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ పట్టించుకోకుండా ఏడ్చేశాడు.

సిప్పోరా చేతులు కడుక్కుని వచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "చిక్కిపోయావు. ఇంటికి రా, ఇంత తిని వెళ్దువుగాని."

మత్తతీయ ఆమె వెంట నడవబోతుంటే నికానోరు కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "అయ్యా, నేనడిగింది..."

"ఎవరు ఎవరిని వదిలేశారని నేనూ ఇన్నేళ్లు ఆలోచిస్తూ కూర్చున్నాను నాయనా. ఆమె మాత్రం తలుపు తీసే ముందు ఎవరని అడగలేదు."