వాక్యం పక్కన పేరు

రాజవైద్యుడు విరూపాక్ష భట్టు పాఠశాలలో ఒక కట్టుబాటు ఉండేది. శిష్యులు ఏ మాట రాసినా, అది ఎవరు చెప్పారో పక్కనే పేరు రాయాలి. రాయనివాళ్ల తాటాకులు విసిరికొట్టేవాడు.

ఒకరోజు ఆయన నిండు సభలో రాజుగారికి తన గ్రంథం చదివి వినిపిస్తుంటే, అడవిలో మందు వేర్లు తవ్వుకొచ్చే ఈరమ్మ జనంలోంచి లేచింది.

“‘ఈ వేరు ఒకటైతే జ్వరం తగ్గిస్తుంది, మూడైతే ప్రాణం తీస్తుంది’ అన్నారు. పక్కన పేరేది సామీ?”

“పేరెందుకు? నేనే పరీక్షించి కనిపెట్టాను!”

“మూడు ఎవరికిచ్చి చూశారు?”

రాజు చివాలున తలెత్తాడు. భట్టు చేతులు జోడించాడు.

“ఈరమ్మ చెబితే రాసుకున్నాను, ప్రభూ.”

“అయితే ఆమె పేరే రాయి,” అన్నాడు రాజు.

“నా పేరొద్దు దొరా,” అంది ఈరమ్మ. “ఒకటి చాలని తెలీక, మూడు నూరి నా కూతురు పోలికి పట్టించాను. దాని పేరు రాయించండి.”